ఓసీ వచ్చాక అమ్మితే లాభమా? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: సార్, నేను గుంటూరులో చిన్న బిల్డర్ని. 600 గజాల్లో స్టిల్ట్ ప్లస్ ఫైవ్ (కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు), మొత్తం 10 ఫ్లాట్లు, ల్యాండ్ ఓనర్‌తో ఫిఫ్టీ ఫిఫ్టీ. రెరా (ఫ్లాట్ల అమ్మకాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) నంబర్ వచ్చింది, మూడో స్లాబ్ పడింది. నా వాటా ఐదు ఫ్లాట్లలో ఒక్కటే బుక్ అయింది. ఫ్లాట్ 55 లక్షలు చెప్తుంటే, వచ్చినవాళ్ళంతా ఓసీ (కట్టడం పూర్తయి ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక వస్తాం అప్పుడు జీఎస్టీ ఉండదుగా అంటున్నారు, పైగా సిమెంట్ మీద టాక్స్ తగ్గింది కదా ఓ లక్ష తగ్గించు అంటున్నారు. ఓసీ దాకా ఆగమంటారా? పేరు వేయకండి.

జవాబు: వేయట్లేదు లెండి. వాళ్ళు చెప్పేది నిజమే, ఓసీ వచ్చాక అమ్మిన ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు, ముందు అమ్మితే 5 శాతం, మీ రేటుకి 2.75 లక్షలు. 2019 ఏప్రిల్ 1కి ముందు ఇది 12 శాతం ఉండేది కానీ సిమెంటు, స్టీలు కొన్నప్పుడు కట్టిన టాక్స్ ఇన్‌పుట్ క్రెడిట్ కింద సర్దుకునేవాళ్ళం, ఆ రోజు నుంచి రేటు తగ్గించి క్రెడిట్ పీకేశారు. కొనేవాళ్ళకి 5 శాతమే కనపడుతుంది, మీ బిల్లుల్లో కూర్చున్న టాక్స్ ఎవరికీ కనపడదు.

ఇక ఆగడం సంగతి. మీది డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (స్థలం ఓనర్‌ది, కట్టేది మీరు, ఫ్లాట్లు పంచుకోవడం) కాబట్టి ఓసీ రోజుకి అమ్ముడుపోకుండా మిగిలిన ఫ్లాట్ల వంతు స్థలం హక్కుల మీద మీరే రివర్స్ చార్జ్‌లో (ఇచ్చినవాళ్ళ బదులు తీసుకున్నవాళ్ళే జీఎస్టీ కట్టే పద్ధతి) కట్టాలి, 18 శాతం లెక్కేస్తారు, కాకపోతే ఆ ఫ్లాట్ల విలువలో 5 శాతం దాటనివ్వరు. వీధి గుమ్మంలో తప్పించుకున్నది దొడ్డిగుమ్మంలో ఎదురొచ్చినట్టు. దానికి వడ్డీ కలపండి. బుకింగ్ డబ్బు లేక పని ఆపలేక 20 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకి 40 వేలు, ఏడు నెలలకి 2.80 లక్షలు. ఒక ఫ్లాట్ జీఎస్టీ అక్కడే పోయింది. నన్నడిగితే ఇప్పుడు వచ్చినవాళ్ళకి రేటులో కొంచెం తగ్గించి అయినా ఇంకో రెండు ఫ్లాట్లు తెంపేసుకోండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా మాత్రం 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకండి, రెరా ఊరుకోదు, వచ్చిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్ట్ అకౌంట్‌లోనే ఉండాలి. ఈ సైట్ డబ్బుతో పక్క సైట్‌కి కంకర తోలించే రోజులు పోయాయి.

అసలు నాకు భయం మీ ఓనర్ వాటా గురించి. ఆ ఐదు ఫ్లాట్లు కట్టిచ్చినందుకు కూడా జీఎస్టీ కట్టాల్సింది మీరే, అదీ ఓసీ వచ్చేనాటికి. మీ రేటే పట్టుకుంటే 13.75 లక్షలు. ఇంట్లో ఆ అగ్రిమెంట్ తీసి ఇది ఎవరు భరించాలని రాసుకున్నారో చూడండి, రాసి లేకపోతే ఓసీ దాకా ఆగకుండా ఇప్పుడే ఓనర్‌తో కూర్చోండి. తాళాలు అడిగే రోజున ఈ మాట ఎత్తితే గొడవే.

సిమెంట్ విషయానికొస్తే 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 కాస్తా 18 అయింది. బస్తా అసలు ధర 280 అనుకుంటే 28 రూపాయలు తేడా. అడుగుకి 0.4 బస్తా లెక్కన 1,300 అడుగుల ఫ్లాట్‌కి 520 బస్తాలు, అంటే 14,560 రూపాయలు. ఓనర్ ఫ్లాట్‌కి కూడా మీరే పోస్తున్నారు కాబట్టి మీరు అమ్మే ఒక్కో ఫ్లాట్‌కి రెట్టింపు పట్టుకోండి, 29 వేలు. పైగా మీవి మూడు స్లాబులు పాత రేటు సిమెంట్‌తో పడ్డాయా కొత్తదానితోనా అది కూడా ఉంది. లక్ష ఎక్కడిది? ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, అడిగినాయనే నవ్వుకుంటాడు.

ఇంకోటి, మీ కొనుగోళ్ళలో 80 శాతం, జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్ళ దగ్గరే ఉండాలి, మేస్త్రీకి ఇచ్చే లేబర్ కాంట్రాక్ట్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, తగ్గినంత మేర మీరే 18 శాతం కట్టుకోవాలి. మార్చిలో కాదు, ఇప్పుడే చూసుకోండి. పాలసీ మారితే ఎలా ఉంటుందో 2019లో మా బావమరిది చూశాడు, మంగళగిరిలో స్లాబులన్నీ వేసి గోడల పని మొదలెట్టాక ఇసుక పాలసీ మార్చారు, లారీ రాక తాపీ వాళ్ళు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు, వడ్డీ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ప్రశ్న: తెనాలిలో ఫ్లాట్ 44 లక్షలు, కార్ పార్కింగ్ 2 లక్షలు విడిగా తీసుకుంటున్నాం. 1 శాతం జీఎస్టీ సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. 5 శాతం బదులు 1 శాతం అనేది అఫర్డబుల్ (తక్కువ ధర) ఇళ్ళకే, దానికి పార్కింగ్, కార్నర్ ఫ్లాట్ ఎక్స్‌ట్రా, అన్నీ కలిపే 45 లక్షల్లోపు ఉండాలి, మీది 46 అయింది, మొత్తం మీద 5 శాతం. 45కి ఆపితే 45 వేలు, 46 అయితే 2.30 లక్షలు. కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల వాడుకునే చోటు) కూడా కొలిపించుకోండి, మీ దగ్గర 90 చదరపు మీటర్లు, అంటే 968 అడుగుల దాకా పర్లేదు. హైదరాబాద్‌లో అయితే 60 మీటర్లే, 646 అడుగులు, అక్కడ డబుల్ బెడ్రూం దూరడం కష్టం.