ఇయర్ మానిటర్లు పెట్టుకున్నాక జనం దూరమయ్యారంటే

మీరు చెప్పిందాన్ని బట్టి, స్టేజీ మీద పాడేటప్పుడు ఇన్-ఇయర్ మానిటర్లు (మన పాటా, వాయిద్యాలూ మనకి వినిపించేలా చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు) వాడటం మొదలయ్యాకే జనం అద్దం అవతల ఉన్నట్టుంది, వాళ్లు చప్పట్లు కలిపితే తాళం తప్పుతోంది. మీ పాట మీద అనుమానం పెట్టుకోకండి. నాకూ ఇదే అయింది. పాట ముగిశాక హాలు చప్పగా ఉందనుకుని దిగులుగా తలెత్తితే, ముందు వరసంతా లేచి చప్పట్లు కొడుతోంది!

చాలామంది ఒక చెవిది పీకేస్తారు. ఆ పని చెయ్యకండి, రెండో చెవిలో సౌండ్ పెంచుకుంటూ పోయి చెవి పాడుచేసుకుంటాం. స్టేజీ అంచున చెరో పక్కా ఒక మైకు, జనం వైపు తిప్పి పెట్టించండి. అవి బయటి స్పీకర్లలోకి వెళ్లకూడదు, మీ చెవుల్లోకే రావాలి. పాట నడుస్తుంటే సన్నగా, అయిపోగానే కాస్త పెంచమని మీ చెవుల్లోకి వచ్చే సౌండ్ చూసుకునే ఆయనకి ముందే చెప్పుకోండి.

చప్పట్ల గొడవ వేరు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది. 34 మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకి మీ పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా అందుతుంది, వాళ్ల చప్పట్లు మీకు చేరడానికి ఇంకో పదో వంతు. నిమిషానికి 120 బీట్ల పాటలో అది దాదాపు అర బీటు! అందుకే వాళ్ల వెంట పోకుండా డ్రమ్మర్‌నే పట్టుకోండి. మీరే చేతులెత్తి కొట్టి చూపిస్తే, కళ్లతో చూసి కలుపుతారు.

పాటకీ పాటకీ మధ్య ముందు వరసల మీద కాస్త లైటు వెయ్యమనండి. ఆ మైకుల్లో డ్రమ్సే ఎక్కువ వినిపిస్తే, వాటిని ఇంకొంచెం జనం వైపు జరపండి.