మా అమ్మాయి మ్యూజికాలజీ చదువుతానంటోంది: సీటు ఎలా, ఖర్చెంత, తర్వాతేంటి?

ప్రశ్న: మా అమ్మాయి పదమూడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది, డిప్లొమా కూడా ఉంది. బీటెక్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు అది మానేసి అమెరికాలో మ్యూజికాలజీ పీహెచ్‌డీ చేస్తానంటోంది. కచేరీలు చేయడానికి కాదట, సంగీతం మీద పరిశోధనకట. సీటు ఎలా వస్తుంది? అప్పు చేయాలా? రేపు ఉద్యోగం దొరుకుతుందా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.
- ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘కచేరీలు చేయడానికి కాదట’ అన్న మాట చదివి నాకు ధైర్యం వచ్చింది. ఈ చదువు గురించి నన్ను అడిగే పిల్లల్లో చాలామందికి ఆ తేడా తెలియదు. పాడే కోర్సులకు ఆడిషన్ ఉంటుంది. మ్యూజికాలజీలో మాత్రం మీ అమ్మాయి ఎంత బాగా పాడుతుందని కాదు, సంగీతం గురించి ఏం తెలుసుకోవాలనుకుంటోందని ముందు చూస్తారు. పదమూడేళ్ల సాధన ఆ ప్రశ్నకు బలమిస్తుంది కానీ దాని స్థానంలో నిలబడదు.

ముందు ఏ విభాగానికి అప్లై చేయాలో తేల్చుకోవాలి. అమెరికాలో వట్టి మ్యూజికాలజీ అంటే చాలాచోట్ల యూరప్ సంగీత చరిత్రే. మన సంగీతం మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా ఎత్నోమ్యూజికాలజీలో, అంటే సంగీతాన్ని ఆయా సమాజాల సంస్కృతిలో భాగంగా చదివే శాఖలో ఉంటారు. కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతిగారి తమ్ముళ్లు విశ్వనాథన్, రంగనాథన్ ఏళ్ల తరబడి వేణువు, మృదంగం నేర్పారు. లాస్ ఏంజెలెస్ యూసీఎల్ఏలో ఈ శాస్త్రానికి ప్రత్యేక సంస్థ 1960లోనే మొదలైంది. లండన్‌లో ఆసియా, ఆఫ్రికా అధ్యయనాలకు పేరున్న సోయాస్ యూనివర్సిటీ ఉంది. అయితే ర్యాంకులు, పేర్లు చూసి జాబితా రాయొద్దని చెప్పండి. దక్షిణ భారత సంగీతం తెలిసిన ప్రొఫెసర్ ఇప్పుడు అక్కడ ఉన్నారా, కొత్త విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అన్నదే చూడాలి. అది తెలియాలంటే వాళ్లు రాసిన రెండు వ్యాసాలు చదివి, పది వాక్యాల్లో ఒక మెయిల్ పెట్టాలి.

ఇక అప్లికేషన్. ట్రాన్స్‌క్రిప్టులు, టోఫెల్ లాంటివి ఎలాగూ ఉంటాయి. జీఆర్ఈ చాలా విభాగాలు అడగడం మానేశాయి. ఆమెది నాలుగేళ్ల డిగ్రీ కాబట్టి మూడేళ్ల బీఏ చదివినవాళ్లకు కొన్నిచోట్ల వచ్చే ఇబ్బంది ఉండదు. సీటు రావడం, రాకపోవడం తేలేది మూడింటి దగ్గర: స్టేట్‌మెంట్ (ఏం పరిశోధిస్తానో, ఎందుకో తానే రాసేది), సిఫారసు ఉత్తరాలు, రైటింగ్ శాంపిల్.

స్టేట్‌మెంట్లు నా దగ్గరికి దిద్దమని వస్తుంటాయి. దాదాపు అన్నీ ‘నాలుగో ఏట నుంచి సంగీతమే నా ప్రాణం’ అనే మొదలవుతాయి. అది నిజమే అయినా, చదివే ప్రొఫెసర్‌కు దానివల్ల ఏమీ తెలియదు. ప్రశ్నతో మొదలుపెట్టమనండి. ఒక ఉదాహరణ చెబుతాను. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగులో ఉంది. అందులో ముత్తుస్వామి దీక్షితుల కృతులకు స్వరాలతో పాటు గమకాల (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరుల) గుర్తులు కూడా వేశారు. మీ అమ్మాయి తన గురువుగారి దగ్గర నేర్చుకున్న దీక్షితుల కృతి ఒకటి తీసుకుని, ఆ పుస్తకంలో పల్లవి పక్కన పెట్టుకుని పాడి చూడమనండి. ఎక్కడో ఒకచోట పుస్తకంలో ఉన్న స్వరం, నోట్లో ఉన్న స్వరం వేరుగా వస్తాయి. ఎప్పుడు మారింది, ఎవరి నోట మారింది, ఎందుకు మారింది? త్యాగరాజస్వామి కృతులు వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్య పరంపరల్లో వేర్వేరు పాఠాంతరాలతో ఎందుకు నిలిచాయన్నదీ ఇలాంటి ప్రశ్నే.

ఇక్కడ మీకు తట్టని మాట ఒకటి చెప్పాలి. మీ అమ్మాయికి ఉన్న పెద్ద ఆస్తి తెలుగు. కర్ణాటక సంగీతం మీద పనిచేసే విదేశీ విద్యార్థి తెలుగు నేర్చుకోవడానికే ఏళ్లు పెడతాడు. త్యాగరాజ కృతి, క్షేత్రయ్య పదం, తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలోని తెలుగు రాతప్రతి, ఇవన్నీ ఆమె నేరుగా చదవగలదు. ఒగ్గు కథ చెప్పే ఇంటికి వెళ్లి కూర్చుంటే వాళ్ల మాట వాళ్ల మాటగానే అర్థమవుతుంది. ఇది స్టేట్‌మెంట్‌లో మొదటి పేజీలోనే కనబడాలి.

రైటింగ్ శాంపిల్ అంటే 15 నుంచి 25 పేజీల పరిశోధన వ్యాసం. బీటెక్ చదివినవాళ్లు తడబడేది ఇక్కడే, అలాంటిది వాళ్ల చేత ఎవరూ రాయించి ఉండరు. సిఫారసు ఉత్తరాలకూ ఇదే చిక్కు. మామూలుగా మూడు అడుగుతారు. గురువుగారు ఆమె పాట గురించి ఎంతైనా చెప్పగలరు. కానీ ‘ఈమె రాసింది చదివాను, ఆలోచన ఇలా ఉంది’ అని రాసేవాళ్లు కనీసం ఒకరైనా కావాలి. కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ చెప్పిన సార్ ఆ ఉత్తరం రాయలేరు కదా.

అందుకే ఈ ఏడాదే తొందరపడి అప్లై చేయొద్దని నా సలహా. ముందు ఇక్కడ సంగీతంలో ఎంఏ చేయడం మంచిది. హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, మద్రాసు యూనివర్సిటీ ఉన్నాయి. కాశీ బీహెచ్‌యూలో ప్రేమలతా శర్మగారు నిలబెట్టిన మ్యూజికాలజీ విభాగమే ఉంది. ఏ డిగ్రీ ఉన్నా సంగీతంలో డిప్లొమా ఉంటే తీసుకునే చోట్లూ ఉన్నాయి, నోటిఫికేషన్ చూసుకోవాలి. ఎంఏ అయ్యేసరికి వ్యాసమూ చేతికొస్తుంది, ఉత్తరం రాసే మనిషీ దొరుకుతారు. యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలతో ఇక్కడే పీహెచ్‌డీ చేసే దారీ తెరుచుకుంటుంది.

అప్పు సంగతి నేరుగా చెబుతాను. అమెరికాలో ఈ రంగంలో పీహెచ్‌డీకి మంచి యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్, ఆరోగ్య బీమా ఇస్తాయి. బదులుగా క్లాసుల్లో సాయం చేయాలి. మాస్టర్స్‌కు ఎక్కువగా డబ్బు మనమే కట్టాలి. మ్యూజికాలజీ మాస్టర్స్ కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి. డబ్బు రాని సీటు సీటు కాదనుకోండి. లండన్ వైపు చూస్తే సోయాస్‌లో భారతీయులకు ఫెలిక్స్ స్కాలర్‌షిప్ ఉంది, పోటీ గట్టిదే. అమెరికాలో గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో ముగుస్తాయి. డబ్బుతో వచ్చిన ఆఫర్‌కు సాధారణంగా ఏప్రిల్ 15 లోపు జవాబివ్వాలి. ఈమధ్య కొన్ని యూనివర్సిటీలు ఇలాంటి సబ్జెక్టుల్లో పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని ఆపేశాయి కూడా. అప్లికేషన్ ఫీజు కట్టేముందు విభాగానికి మెయిల్ పెట్టి కనుక్కోవాలి.

ఉద్యోగాలు తక్కువే, దాచను. ప్రొఫెసర్ పోస్టుల కోసం ఏళ్లు ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. కానీ మీ అమ్మాయికి కోడింగ్ వచ్చు, దాన్ని వదిలేయొద్దనండి. బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా యూనివర్సిటీలో 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ అనే ప్రాజెక్టు కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలను కంప్యూటర్‌తో విశ్లేషించింది. మన ఐఐటీ మద్రాస్ కూడా అందులో పనిచేసింది. రాగమూ తెలిసి, ప్రోగ్రామూ రాయగలిగినవాళ్లు ఆ పనికి కావాలి. రికార్డింగులు భద్రపరిచే ఆర్కైవ్‌లకూ కావాలి. 1982లో మొదలైన అలాంటి ఆర్కైవ్ ఒకటి ఇప్పుడు గురుగ్రామ్‌లో నడుస్తోంది.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానొద్దు. ఆరు నెలలు శని, ఆదివారాలు కూర్చుని పైన చెప్పిన ఒక్క కృతి మీద 15 పేజీలు ఇంగ్లిష్‌లో రాయమనండి. అయిదో పేజీ దగ్గర విసుగొచ్చి ఆపేస్తే పాట పాడుకుంటూ సాఫ్ట్‌వేర్‌లోనే హాయిగా ఉండొచ్చు. పూర్తిచేస్తే ఆ వ్యాసం తీసుకుని మీరిద్దరూ నా దగ్గరికి రండి, ఏయే విభాగాలకు పంపాలో అప్పుడు జాబితా రాసుకుందాం.