దూడలకు లేచినవి పులిపిర్లు, లంపీ కాదు

ప్రశ్న: మా సంకర జాతి దూడలు మూడింటికి చెవుల చుట్టూ, మెడ మీద గడ్డలు లేచాయి. అన్నీ ఏడాది లోపువే. ఏడు నెలల చూడితో ఉన్న పడ్డకు చన్నుల మీద కూడా ఉన్నాయి. గడ్డలు పైకి పెరిగి గరుకుగా ఉన్నాయి. జ్వరం లేదు, మేత బాగానే తింటున్నాయి. లంపీ చర్మవ్యాధి అని మందుల దుకాణంలో చెబితే మూడు రోజులు యాంటీబయాటిక్, ఒకసారి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్లు చేయించాం. తగ్గలేదు. రెండు గడ్డలను బ్లేడుతో కోస్తే రక్తం కారి, మళ్లీ పెరిగాయి. నాలుగు నెలల కిందట చెవిపోగులు వేయించాం, అంతకుమించి కొత్తగా చేసిందేమీ లేదు. ఇది మనుషులకు అంటుకుంటుందా?

జవాబు: లంపీ కాదు. లంపీ వస్తే ముందు తీవ్రమైన జ్వరం ఉంటుంది, పశువు మేత ముట్టదు. ఆ గడ్డలు చర్మం మందంలోనే గుండ్రంగా, గట్టిగా ఉంటాయి. తర్వాత నడుమ భాగం చచ్చి బిళ్లలా ఊడి పుండు పడుతుంది. మీ దూడలవి పులిపిర్లు. దగ్గరగా చూడండి: బూడిద రంగులో, ఎండిపోయి, కాలీఫ్లవర్‌లా పగుళ్లుబారి ఉంటాయి. కొన్నింటికి సన్నని కాడ కూడా కనిపిస్తుంది.

పాపిల్లోమా అనే వైరస్ వల్ల, ముఖ్యంగా రెండేళ్ల లోపు పశువులకు వస్తాయి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఐవర్‌మెక్టిన్ పురుగులకు, గజ్జికి వాడే మందు. పశువును చూడకుండానే బల్ల వెనక నుంచి రోగం పేరు చెప్పేవారి మాట మీద నాలుగు సూదులు పొడిపించారు!

అసలు సంగతి మీరు చివర్లో రాసిన చెవిపోగుల దగ్గర ఉందని నా అనుమానం. ఈ వైరస్ గాయంలోంచే చర్మంలోకి దూరుతుంది. గడ్డ పైకి కనిపించడానికి ఒకటి నుంచి ఆరు నెలలు పడుతుంది. ఒకే పరికరంతో, మధ్యలో శుభ్రం చేయకుండా దూడలన్నింటికీ పోగులు వేసి ఉంటే ఇప్పుడు చెవుల చుట్టూ లేవడం లెక్కకు సరిపోతుంది. మరి మొన్నటి ఇంజెక్షన్లకు పశువు పశువుకూ సూది మార్చారా? మార్చకపోతే రెండు మూడు నెలల్లో సూది దిగిన చోట కొత్తవి లేచినా ఆశ్చర్యం లేదు. పులిపిర్లున్న మందలో ఒక పశువుకు ఒక సూది, అంతే. కొమ్ములు కాల్చే, పోగులు వేసే పరికరాలను ప్రతి పశువు తర్వాత రక్తం, చర్మపు తునకలు లేకుండా కడిగి, 20 నిమిషాలు నీళ్లలో మరిగించాలి. ఒక పశువు పలుపుతాడు మరో పశువుకు కట్టవద్దు. వాడిన పాతవి తగలబెట్టండి. గాటికి పొడుచుకు వచ్చిన మేకులు, తీగలు పీకేయండి.

ఇక వైద్యం. చాలా పులిపిర్లు కొన్ని నెలల్లో, ఒక్కోసారి ఏడాదికి, వాటంతట అవే ఎండి రాలిపోతాయి. అందుకే చివరగా ఏ పసరు పూస్తే దానికే పేరు వస్తుంది. ఇంకా పెరుగుతున్న పులిపిరిని కోయడం మంచిది కాదు. అది మళ్లీ పెరుగుతుంది, కారిన రక్తంతో వైరస్ కూడా పాకుతుంది. కాడ ఉన్నవాటికి కాడ మొదలు దగ్గర శుభ్రమైన గట్టి దారం బిగించి కట్టండి, వారం పది రోజుల్లో ఎండి రాలుతాయి. రాలిన చోట అయోడిన్ ద్రావణం పూసి, ఈగలు వాలకుండా చూడండి. రాలినదాన్ని పెంటలో వేయకుండా కాల్చేయండి.

పులిపిర్లు ఒళ్లంతా పాకితే, కళ్లకు, నోటికి అడ్డం వస్తే లిథియం యాంటిమనీ థయోమలేట్ ఇంజెక్షన్ ఉంది. పెద్ద పశువుకు 15 మి.లీ. లోతుగా కండలోకి, 48 గంటలకొకటి చొప్పున 4 నుంచి 6 సార్లు ఇస్తారు. దూడలకు బరువును బట్టి మోతాదు తగ్గుతుంది. ఇది పశువైద్యుడు చూసి చేయాల్సిన మందు, దుకాణంలో కొని మీరు పొడిచేది కాదు. మందలో చాలావాటికి వస్తే వాటి పులిపిర్ల నుంచే టీకా తయారు చేయించవచ్చు. అయితే వచ్చినవి తగ్గించడం కన్నా కొత్తవి రాకుండా చూడటానికే అది ఎక్కువ పనికొస్తుంది.

మనుషులకు అంటుకోదు, ఆ భయం వద్దు.

మీ పడ్డ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. చన్నుకు అతుక్కున్న బియ్యపు గింజల్లాంటివి ఉంటే వదిలేయండి. చన్ను కొనదగ్గర వేలాడేవి ఉంటే పాలధారకు అడ్డుపడతాయి, చిట్లితే పొదుగువాపుకు దారితీస్తాయి. వాటిని ఈనేలోపే వైద్యుడితో తీయించండి. చూడి సంగతి ఆయనకు ముందే చెప్పండి, పైన రాసిన ఇంజెక్షన్ దీనికి వద్దు. ఈనిన తర్వాత మిగతా ఆవుల పాలు పిండాకే దీని దగ్గరకు వెళ్లి, పిండగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.