ఎఫ్30 వచ్చింది సరే, ఆ అలవెన్స్ డబ్బు ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ-పీహెచ్‌డీ (డాక్టర్ చదువు, రీసెర్చ్ డిగ్రీ రెండూ కలిపిన కోర్సు) నాలుగో సంవత్సరం. ఈమధ్యే ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్లు ఇలాంటి విద్యార్థులకిచ్చే ఎఫ్30 ఫెలోషిప్ వచ్చింది. అవార్డు కాగితంలో స్టైపెండ్, ట్యూషన్ కాకుండా ‘ఇన్‌స్టిట్యూషనల్ అలవెన్స్’ అని ఏడాదికి నాలుగు వేల డాలర్ల పైచిలుకు ఉంది. ఆ డబ్బు అమ్మాయి చేతికి ఇవ్వరట. ల్యాప్‌టాప్‌కి, కారు రిపేరుకి, స్టెప్ 2 పరీక్ష ఫీజుకి, ఇండియా టికెట్‌కి వాడుకోవచ్చా? అవార్డు వచ్చినా నెలనెలా వచ్చేది మాత్రం పెరగలేదు. దీనికి బాండ్ ఏమైనా ఉందా? మా అమ్మాయితో పాటు మెడిసిన్‌లో చేరిన పిల్లలు రెసిడెన్సీకి (ఎండీ తర్వాత ఆసుపత్రి శిక్షణకి) వెళ్లిపోతున్నారు. పీహెచ్‌డీ వదిలేసి ఎండీ పూర్తి చేయడం మంచిదా, ఇలాగే కొనసాగడం మంచిదా? రెండూ పోల్చి చెప్పండి.
— ఒక తండ్రి, డల్లాస్

జవాబు:

ముందుగా మీ అమ్మాయికి అభినందనలు. మీ ఉత్తరమంతా వెతికినా ఆ మాట ఎక్కడా కనపడలేదు, అందుకే నేను చెబుతున్నాను. ఎఫ్30 కోసం పిల్లలు నెలల తరబడి ప్రపోజల్ రాస్తారు, మెంటర్ చేత పదిసార్లు దిద్దించుకుంటారు, మొదటిసారి రాకపోతే మళ్లీ పెడతారు. వచ్చిందంటే ఆమె ఆలోచనలో పస ఉందని ఆ రంగంలో ఆరితేరినవాళ్లు ఒప్పుకున్నట్టు.

ఇక డబ్బు సంగతి. ఎఫ్30 డబ్బు మూడు వాటాలుగా వస్తుంది. స్టైపెండ్ అమ్మాయిది. ట్యూషన్ వాటా యూనివర్సిటీ ఫీజులకు వెళుతుంది. మూడోది మీరు అడిగిన అలవెన్స్. ఇది యూనివర్సిటీ చేతికి వస్తుంది, అమ్మాయి ట్రైనింగ్‌కయ్యే ఖర్చుల కోసం. హెల్త్ ఇన్సూరెన్స్, రీసెర్చ్ సామగ్రి, పరికరాలు, పుస్తకాలు, సైంటిఫిక్ మీటింగ్‌లకు ప్రయాణం లాంటివాటికని ఎన్‌ఐహెచ్ పాలసీలోనే రాసి ఉంది. కాబట్టి ఏ బిల్లు చేతిలోకి తీసుకున్నా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఖర్చు ఆమె రీసెర్చ్ ట్రైనింగ్ కోసం అయ్యిందా? కారు రిపేరు కాదు. ఇండియా టికెట్ కాదు. స్టెప్ 2 ఫీజు చదువు ఖర్చులాగే అనిపిస్తుంది కానీ, అది డాక్టర్ లైసెన్సు కోసం రాసే పరీక్ష, రీసెర్చ్‌కి సంబంధించింది కాదు. రేపు రెసిడెన్సీ ఇంటర్వ్యూల ఖర్చులూ అంతే. వీటిని ఎలాగోలా అందులో చూపించమని దయచేసి అమ్మాయి మీద ఒత్తిడి తేకండి. అది ఫెడరల్ గ్రాంట్ డబ్బు. తప్పుడు బిల్లు పెడితే మాట పడేది ఆమె, ఆమెతో పాటు ఆమె మెంటర్.

ల్యాప్‌టాప్ కొంచెం వేరు. డేటా అనాలిసిస్‌కి అవసరమని కారణం రాసి చాలామంది కొనుక్కుంటారు, యూనివర్సిటీ ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. అయితే అది యూనివర్సిటీ ఆస్తి. కిందటేడు ఒక అబ్బాయి తన ల్యాప్‌టాప్ తిప్పి అడుగున అంటించిన బార్‌కోడ్ స్టిక్కర్ చూపించాడు. ట్రైనింగ్ అయిపోయాక తిరిగి ఇచ్చేయాలని ఆ రోజు దాకా అతనికి తెలియదు, తన ఫొటోలు, సొంత ఫైళ్లు అన్నీ అందులోనే పెట్టుకున్నాడు. మీరు కొనిపెట్టగలిగితే సొంత ల్యాప్‌టాప్ ఒకటి కొనిపెట్టండి. మీ సాయం నిజంగా పనికొచ్చే చోటు అదే.

అలవెన్స్‌లో ముందు కోతపడేది సాధారణంగా హెల్త్ ఇన్సూరెన్స్‌కి. కొన్ని యూనివర్సిటీలు ప్రీమియం ఇందులోంచే తీసుకుంటాయి, అప్పుడు మిగిలేది కొద్దిగానే. కొన్ని ప్రోగ్రామ్‌లు ఇన్సూరెన్స్‌ని వేరే నిధుల్లోంచి కడతాయి, అలాంటి చోట అలవెన్స్ మొత్తం మిగతా ట్రైనింగ్ ఖర్చులకు మిగులుతుంది. మీ అమ్మాయి యూనివర్సిటీలో ఏ పద్ధతో గ్రాంట్స్ ఆఫీసుకి ఒక్క ఈమెయిల్ పెడితే చెబుతారు. ఈమెయిల్ అమ్మాయే పెట్టాలి, మీరు కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, పిల్లల ప్రోగ్రామ్ డైరెక్టర్లకు నేరుగా ఫోన్ చేసిన తల్లిదండ్రులు నాకు తెలుసు. పాతికేళ్ల పిల్ల, రేపు రోగుల ప్రాణాలు చూడబోయే డాక్టరు, తన డబ్బు గురించి తను అడగలేదా? ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆ ఫోన్ తర్వాత ఆ ఆఫీసులో ఆ పిల్లను చూసే చూపు మారిపోతుంది.

ఇన్సూరెన్స్ పోగా మిగిలిన డబ్బును దేనికి వాడాలి అంటే నేను నిమిషం ఆలోచించకుండా మీటింగ్‌లకి అంటాను. ల్యాబ్‌కి కావలసిన కెమికల్స్ కొనడానికి మెంటర్‌కి వేరే గ్రాంట్లు ఉంటాయి. పుస్తకాలు లైబ్రరీలో దొరుకుతాయి. కానీ తన రంగంలో ఉన్న నలుగురి ముందు తన పోస్టర్ పక్కన నిలబడి, వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పే అవకాశం ఇంకో దారిలో రాదు. ఎండీ-పీహెచ్‌డీ పిల్లలకు ఏప్రిల్‌లో చికాగోలో జరిగే ఏపీఎస్‌ఏ, ఏఎస్‌సీఐ, ఏఏపీ అనే డాక్టర్-సైంటిస్టుల సంఘాల సంయుక్త సమావేశం ఉంది. డాక్టర్‌గా, సైంటిస్ట్‌గా రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలదొక్కుకున్న పెద్దవాళ్లు అక్కడ కనిపిస్తారు. వాళ్లతో కూర్చుని కాఫీ తాగుతూ ‘మీకు ఎప్పుడైనా వదిలేద్దామనిపించిందా’ అని అడిగిన పిల్లలు చాలా తేలికపడి వెనక్కొస్తారు. సొంత రంగం మీటింగ్ ఒకటి, ఇది ఒకటి. ఏడాదికి రెండు చాలు.

ప్రయాణం దగ్గర ఒక్క జాగ్రత్త. నేను గైడ్ చేసిన ఒక అమ్మాయి యూరప్‌లో మీటింగ్‌కి వెళ్తూ, అటునుంచి హైదరాబాద్ కూడా వెళ్లొచ్చని గల్ఫ్ విమానసంస్థ టికెట్ తీసుకుంది. నాన్నగారే బుక్ చేశారు, రేటు తక్కువని. తిరిగొచ్చాక బిల్లు పెడితే ఒక్క డాలరు కూడా రాలేదు. అమెరికా ప్రభుత్వ డబ్బుతో విదేశీ ప్రయాణం చేస్తే అమెరికా విమానసంస్థలోనే వెళ్లాలని చట్టం ఉంది, దాన్ని ఫ్లై అమెరికా యాక్ట్ అంటారు. యూరప్ సంస్థలకు ఒప్పందాల వల్ల కొంత వెసులుబాటు ఉంది, గల్ఫ్ సంస్థలకు అది లేదు. టికెట్ మీద అమెరికా సంస్థ ఫ్లైట్ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. మధ్యలో సొంత పని కలిపితే ఏ భాగం మీటింగ్‌ది, ఏ భాగం సొంతానిది అని ముందే విడదీసి డిపార్ట్‌మెంట్ వాళ్లకు చూపించాలి. అందుకే బుకింగ్ డిపార్ట్‌మెంట్ ద్వారానే చేయించమంటాను, వంద డాలర్లు ఎక్కువైనా సరే. హోటల్ భోజనం బిల్లులో మద్యం ఉంటే ఆ భాగం కూడా గ్రాంట్‌కి రాయకూడదు, బిల్లు విడిగా అడగాలి.

ఈ డబ్బు ఏడాది ఏడాదికీ లెక్క. మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోవచ్చని అనుకోవద్దు. ఫెలోషిప్ మధ్యలో ఆపేసి, ఆ ఏడాది ఆరు నెలలు లేదా అంతకన్నా తక్కువే ఉంటే, అలవెన్స్‌లో సగమే ఖర్చు రాయగలరు. ఆఖరి నెలలో హడావుడిగా ఏదో ఒకటి కొనడం కన్నా, ఏడాది మొదట్లోనే ఏ మీటింగ్‌కి వెళ్లాలో అనుకోవడం మేలు.

నెలనెలా వచ్చేది ఎందుకు పెరగలేదంటారా? ఎన్‌ఐహెచ్ ఇచ్చే ప్రీడాక్టరల్ (పీహెచ్‌డీ పూర్తికాని వాళ్ల) స్టైపెండ్ 2024 ఆర్థిక సంవత్సరంలో 28,224 డాలర్లు. చాలా ప్రోగ్రామ్‌లు తమ విద్యార్థులందరికీ అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. ఎఫ్30 వచ్చాక ఆ మొత్తంలో కొంత భాగం ఎన్‌ఐహెచ్ కడుతుంది, మిగతాది యూనివర్సిటీ కలుపుతుంది. అమ్మాయికి అందేది మారదు, ఇచ్చే చేయి మారుతుంది. కొన్ని చోట్ల అవార్డు తెచ్చుకున్నందుకు కొంచెం అదనంగా ఇస్తారు, అడిగి చూడొచ్చు. ఆమెకు వచ్చిన అసలు లాభం సీవీలో ఉంటుంది. సొంత పేరు మీద ఫెడరల్ అవార్డు ఉన్నవాళ్లను రెసిడెన్సీలోనూ, ఆ తర్వాతా గుర్తుపడతారు.

ఇంకో విషయం, టాక్స్. ఈ స్టైపెండ్ జీతం కింద రాదు, అందుకని చాలాచోట్ల టాక్స్ పట్టుకోకుండానే ఇచ్చేస్తారు. కానీ టాక్స్ మాత్రం కట్టాలి. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల్లో ఎస్టిమేటెడ్ టాక్స్ కట్టుకోకపోతే ఒకేసారి పెద్ద మొత్తం మీద పడుతుంది, పైన పెనాల్టీ. ఏటా ఏప్రిల్‌లో నాకొచ్చే కన్నీళ్ల ఫోన్లలో సగం దీని గురించే. మీరు డబ్బు విషయంలో ఏదైనా నేర్పాలనుకుంటే ఇది నేర్పండి. 2020 నుంచి ఈ స్టైపెండ్ డబ్బును ఐఆర్‌ఏలో (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతాలో) వేసుకునే వీలు కూడా వచ్చింది, నెలకు యాభై డాలర్లయినా సరే.

బాండ్ లేదు. పీహెచ్‌డీ దశలో తీసుకున్న ఈ డబ్బుకు తిరిగి చెల్లించే బాధ్యత ఏమీ లేదు. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ తీసుకుంటే మొదటి పన్నెండు నెలలకు ఆ బాధ్యత ఉంటుంది, రెండో ఏడాది అదే రీసెర్చ్ ట్రైనింగ్ కొనసాగిస్తే అది కూడా తీరిపోతుంది. దానికి ఇంకా చాలా టైముంది.

ఈ జవాబు చదివే ఇతర తల్లిదండ్రులకు ఒక మాట. ఎఫ్30 అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద పెరిగి, పన్నెండో తరగతి దాకా ఇక్కడే చదివిన పిల్లలు కూడా అప్లై చేయలేరు. ఈ సంగతి తెలియక ప్రపోజల్ సగం రాసేసి ఆగిపోయిన పిల్లలను చూశాను. వాళ్ల కోసం యూనివర్సిటీల సొంత నిధులు, ప్రైవేటు ఫౌండేషన్ల ఫెలోషిప్‌లు ముందునుంచే వెతకాలి.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న. పోల్చి చెప్పమన్నారు. అంతకన్నా ముందు నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న సంగతి చెప్పాలి. ఎండీ-పీహెచ్‌డీ ఇప్పుడు మనవాళ్ల ఇళ్లలో ఫ్యాషన్ అయిపోయింది. 1964లో ఎన్‌ఐహెచ్ ఎంఎస్‌టీపీ అనే ఈ ఎండీ-పీహెచ్‌డీ శిక్షణ మొదలుపెట్టింది, రోగం చూసేవాళ్లే ల్యాబ్‌లో కారణం కూడా వెతకాలన్న ఉద్దేశంతో. మన దగ్గరికి వచ్చేసరికి అది ‘ఫ్రీ ఎండీ’గా మారింది. ట్యూషన్ లేదు, పైగా స్టైపెండ్ అని పిల్లలను అటు నెడుతున్నారు. లెక్క వేసి చూడండి. ఈ చదువు సగటున ఎనిమిదేళ్లు. ఎండీకి నాలుగేళ్లు. అటెండింగ్ డాక్టరు (శిక్షణంతా పూర్తయిన డాక్టరు) ఏడాది సంపాదన చాలా స్పెషాలిటీల్లో రెండున్నర లక్షల డాలర్లు దాటుతుంది. నాలుగేళ్లు ఆలస్యమైతే పోయేది పది లక్షలు. ఆదా అయ్యే ట్యూషన్ రెండు, మూడు లక్షలు. ఫ్రీ ఎక్కడుంది? ఆ తర్వాత రెసిడెన్సీ, స్పెషాలిటీ ఫెలోషిప్, మళ్లీ రీసెర్చ్. సొంత ల్యాబ్‌కి మొదటి పెద్ద గ్రాంట్ వచ్చేసరికి చాలామందికి నలభై దాటుతుంది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పి పిల్లలను ఉత్సాహపరుస్తారు, బాగుంది. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో 1930లో పీహెచ్‌డీ తీసుకున్న మనిషి ఆయన. ఆయనకు ల్యాబ్ తప్ప వేరే లోకం లేదు. అలాంటి ఆకలి లేని పిల్లను ట్యూషన్ ఆదా కోసం ఈ దారిలో పెట్టడం అన్యాయం.

మీ అమ్మాయిని మీరే ఇటు పంపారా, తనే ఎంచుకుందా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. ఆమె ఏ జబ్బు మీద పని చేస్తోందో కూడా రాయలేదు. మీకు తెలియక రాయలేదనుకోను, అడగలేదేమో అని మాత్రం అనుమానంగా ఉంది. నాలుగు వేల డాలర్ల గురించి ఇన్ని వివరాలు రాసి, ఆమె పని గురించి ఒక్క వాక్యం రాయలేదంటే, కోపం తెచ్చుకోకండి, తప్పు మీ వైపే ఉంది.

వదిలేస్తే ఏమవుతుందో చెబుతాను. ఎఫ్30 ఆగిపోతుంది. ఎండీ మిగిలిన రెండేళ్ల ట్యూషన్ మీద పడుతుంది. కొన్ని ప్రోగ్రామ్‌లలో ఇప్పటిదాకా కట్టిన ట్యూషన్ కూడా తిరిగి అడిగే షరతు ఉంటుంది, చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితం చూసుకోవాలి. అయినా సరే, అమ్మాయికి ల్యాబ్ అంటే విసుగు పుట్టి ఉంటే వదిలేయడమే మంచిది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ విసుగు పుట్టిన పిల్ల కూర్చుని ఎఫ్30 రాయదు. నాకు కనిపిస్తున్నది దారి తప్పిన పిల్ల కాదు. బొటాబొటీగానైనా ఇష్టంగా బతుకుతున్న పిల్ల. తోటివాళ్లు రెసిడెన్సీలో చేరారన్న బెంగ ఆమెకన్నా మీకే ఎక్కువ ఉన్నట్టుంది. నాలుగో ఏడాదిలో ఈ బెంగ దాదాపు అందరి ఇళ్లలో వస్తుంది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే తోటివాళ్ల మ్యాచ్ డే (ఎవరికి ఎక్కడ రెసిడెన్సీ వచ్చిందో తెలిసే రోజు) ఫొటోలు వస్తాయి. ఆరేడు నెలల్లో తగ్గుతుంది. ఆమె వెనకబడలేదు. వేరే పొడవున్న చదువు చదువుతోంది, అంతే.

చివరగా ఒక పని, ఇది మీరే చేయాల్సింది. ఆమె మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఇరవై ఆరేళ్లు నిండేదాకా కొనసాగవచ్చు, అప్పటిదాకా యూనివర్సిటీ ప్లాన్ వద్దని రాసిస్తే, ప్రీమియం అలవెన్స్‌లోంచి పోయే చోటయితే ఆ డబ్బు మీటింగ్‌లకు మిగులుతుంది. పుట్టినరోజుకి రెండు నెలల ముందే మీ హెచ్‌ఆర్‌ని కవరేజ్ ఏ తేదీతో ఆగుతుందో అడిగి అమ్మాయికి చెప్పండి. కొన్ని కంపెనీల్లో నెలాఖరు దాకా ఉంటుంది, కొన్నిట్లో పుట్టినరోజుతోనే ఆగిపోతుంది. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ రాకుండా యూనివర్సిటీ ప్లాన్‌లో చేరేలా ఆమె ఆ తేదీని బట్టి అప్లై చేసుకుంటుంది.