చెనక్కాయ విత్తబోయే అబ్బాయికి

నాయనా,

ఆరెకరాల ఎర్రచెలకలో ఈసారి చెనక్కాయ (వేరుశనగ) వేస్తానన్నావు, సంతోషం. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లొస్తాయని అడిగావు చూడు, దానికి ఠక్కున లెక్క చెప్పేవాడెవడైనా ఉంటే వాడు నీకు ఏదో అమ్మబోతున్నాడని అనుకో. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్లు, అటూఇటుగా. ఎంత పడిందన్నది సరే, ఎప్పుడు పడిందన్నదే కాయను నిర్ణయిస్తుంది.

కదిరి-6 రకం చెనక్కాయ పంటకాలం 100–105 రోజులు. అందులో 45వ రోజు నుంచి 85వ రోజు దాకా ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగి కాయ ఊరే కాలం. అప్పుడు బెట్ట తగిలితే చేను పచ్చగానే కనిపిస్తుంది, పీకితే గింజ లేని లొట్టలు. అంతకుముందు, లేత పైరుగా ఉన్నప్పుడు, మూడు వారాలు చినుకు లేకపోయినా తట్టుకుంటుంది. వాన పడగానే పూత ఒక్కపెట్టున వస్తుంది కూడా. ఇక మన వైపు ఎక్కువ వాన పడే నెల సెప్టెంబర్. వెనక్కి లెక్కేసుకో. జులై 10న విత్తితే 45వ రోజు ఆగస్టు 24, 85వ రోజు అక్టోబర్ 3. సెప్టెంబర్ మొత్తం కాయ ఊరే కాలంలోకి వస్తుంది. మృగశిర తొలకరికే, అంటే జూన్ 10న, ఎగబడి విత్తినవాడికి అదే కాలం జులై 25కే మొదలై సెప్టెంబర్ 3కల్లా అయిపోతుంది. సెప్టెంబర్‌లో వాన పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పడితే మాత్రం అది నీ కాయకు అందేలా తేదీ పెట్టుకోవడం నీ పని.

అలాగని పదును (విత్తడానికి చాలినంత తడి) లేకుండా తేదీ చూసి విత్తకు. ఒకటి రెండు రోజుల్లో 50 మి.మీ. దాకా పడి, గడ్డపారతో తవ్వితే జానెడు లోతు తడి కనిపించాలి. పిడికిట పట్టిన మట్టి ముద్దకట్టాలి. 20 మి.మీ. వానకే గొర్రు కట్టి విత్తితే మొలక పైకొచ్చి మాడిపోతుంది, విత్తనం ఖర్చు గోవిందా.

విత్తనం సంగతి పూర్తిగా నీ చేతిలోనిదే, కానీ ఎక్కువమంది వానను తిట్టేది ఇక్కడి తప్పుకే. 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి ఉంచి, వారం తర్వాత మొలకలు లెక్కపెట్టు. సాళ్ల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. అయితే ఎకరాకు సుమారు 1.35 లక్షల మొక్కలు. 100 గింజలు 42 గ్రాములు తూగితే 57 కిలోలు సరిపోవాలి. 80 మాత్రమే మొలిస్తే 71 కిలోలు కావాలి. అరవయ్యే మొలిస్తే ఆ మూట వెనక్కిచ్చెయ్. కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ (తెగులు మందు) పట్టించు, గట్టిగా రుద్దితే పై పొర ఊడి గింజ చెడుతుంది. మందు పట్టించింది తినడానికి పనికిరాదు, ఏ పూట విత్తేది ఆ పూటే కలుపుకో. లోతు 5 సెం.మీ. దాటనివ్వకు.

కాల్షియం ఇచ్చే జిప్సం ఎకరాకు 200 కిలోలు, ఊడలు దిగే ముందు, మొక్క మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి రాదు, కాయే నేరుగా పైమట్టిలోంచి పీల్చుకుంటుంది. పైమట్టి ఎండిపోతే జిప్సం కరగదు, వేసినా వేయనట్టే. చూశావా, ఇక్కడ కష్టం నీదే, ఫలితంలో సగం మళ్లీ వానదే. 45 రోజులు దాటాక చేలో కలుపు కోసం గుంటక తిప్పకు, ఊడలు తెగుతాయి.

ఆరెకరాలూ ఒకే వానకు విత్తొద్దు. మూడు ఈ వానకు, మూడు తర్వాతి పదునుకు. ప్రతి ఏడు సాళ్ల చెనక్కాయకు ఒక సాలు కంది వెయ్. దాని వేరు లోతుకు పోతుంది, చెనక్కాయ పీకేశాక పడిన వాన దానికి పనికొస్తుంది. జులై దాటినా రెండో పదును రాలేదంటే ఆ మూడెకరాల్లో చెనక్కాయ ఆశ వదులుకుని, వాన పడ్డాక ఉలవలు చల్లుకో. అక్కడే మొండికేసి చాలామంది పెట్టుబడి పోగొట్టుకుంటారు.

ధర సంగతికొస్తే, ఎకరా ఖర్చు 30,000, క్వింటాలు 6,000 అనుకో, ఐదు క్వింటాళ్లకు ఖర్చు తీరుతుంది. ఆరోది వచ్చేదాకా దాన్ని నమ్ముకుని ఎవరికీ మాటివ్వకు, ముఖ్యంగా వడ్డీకిచ్చేవాళ్లకు.

ఒక నోటుబుక్కు పెట్టు. విత్తిన రోజే తేదీ, పదును లోతు, మొలక శాతం, ఎన్ని క్వింటాళ్లు అనుకుంటున్నావో, ఎందుకో రాయి. కాయ పీకాక రాస్తే మనసు మోసం చేస్తుంది, బాగా వస్తే తెలివి అంటుంది, పోతే ఖర్మ అంటుంది. పక్క చేనువాడు మృగశిరకే విత్తి, ఆగస్టు వానలు అనుకోకుండా కలిసొచ్చి ఎక్కువ తీసినా, వచ్చే ఏడు వాడి తేదీ పట్టుకోకు. ఒక్క ఏడు చూసి తేదీ మార్చొద్దు. ఐదేళ్ల రాతలు పక్కపక్కన పెట్టుకున్నాక చూద్దాం.

ముందు ఈ ఆదివారం ఆ 100 గింజలూ గోనెపట్టాలో చుట్టు. ఎన్ని మొలిచాయో ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న