చివరి ఏడాది మొదలయ్యే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఉపాధ్యాయ విద్య డిగ్రీలో ఇక చివరి ఏడాదే మిగిలిందని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. బోధనాభ్యాసం (బడికి వెళ్లి పాఠాలు చెప్పే శిక్షణ), ప్రాజెక్టు, చివరి పరీక్షలు మూడూ ఒకేసారి మీద పడతాయని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. నేను ఇరవై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఆ తరువాత తొమ్మిదేళ్లు నీలాంటి విద్యార్థుల తరగతుల్లో వెనుక బల్ల మీద కూర్చుని వాళ్ల పాఠాలు చూశాను. అందులోంచి నీకు పనికొస్తుందని గట్టిగా నమ్మినదే రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే, తీరిక చేసుకుని చదువు.

ముందు నాకు జరిగింది చెబుతాను. నా చివరి ఏడాది బోధనాభ్యాసంలో దశాంశ భిన్నాలు చెప్పాల్సి వచ్చింది. పాఠ్యపథకం మూడు రాత్రులు కూర్చుని రాశాను. అట్టలు కత్తిరించి రంగులు వేశాను. తరగతిలో అన్నీ అనుకున్నట్టే జరిగాయి. పిల్లలు చేతులెత్తారు, జవాబులు చెప్పారు, గంట కొట్టే సమయానికి చివరి ప్రశ్న కూడా పూర్తయింది. పర్యవేక్షణకు వచ్చిన మేడమ్ మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను. ఆవిడ ఏమీ అనకుండా వెనుక బల్లల దగ్గరికి వెళ్లి, అయిదు నోటు పుస్తకాలు తెచ్చి నా ముందు పరిచారు. 0.4, 0.35 లలో ఏది పెద్దది అన్న లెక్క అది. నాలుగు పుస్తకాల్లో 0.35 చుట్టూ గీత గీసి ఉంది. ఒక అబ్బాయి పక్కన కారణం కూడా రాశాడు: "4 కంటే 35 పెద్దది కాబట్టి." ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ వాక్యం కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టాడు.

ఆ గీతను ఈనాటికీ మరచిపోలేదు. ఆ అబ్బాయి అశ్రద్ధగా చేయలేదు. పూర్ణాంకాల్లో ఏళ్ల తరబడి తనకు ఉపయోగపడిన నియమాన్నే నమ్మకంగా ఇక్కడికీ తెచ్చాడు. నేను స్థాన విలువల గురించి నలభై నిమిషాలు మాట్లాడాను కానీ, వాడి మనసులో ముందే ఏముందో ఒక్కసారీ అడగలేదు. మేడమ్ అన్నది ఒకే మాట: "ఈ అబ్బాయి ఎక్కడ ఉన్నాడో అక్కడి నుంచి రేపటి పాఠం రాయమ్మా." మర్నాడు వంద గడుల చదరాలు ఇచ్చాను. ఒక చదరంలో 0.4 కి నలభై గడులు, ఇంకో చదరంలో 0.35 కి ముప్పై అయిదు గడులు రంగు వేయించాను. ఆ అబ్బాయి రెండు చదరాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరువాత మెల్లగా అడిగాడు, "అయితే దీన్ని 0.40 అని కూడా రాయవచ్చా?"

నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ ఏడాది ఏ పని చేసినా పిల్లల నోటు పుస్తకం దగ్గర మొదలుపెట్టు. నువ్వు వేర్వేరుగా చూసి భయపడుతున్న మూడు పనులూ అక్కడ ఒకటవుతాయి.

సెలవుల్లో చేయవలసినవి ఉన్నాయి. మొదట ఒక పెద్ద కాగితం తీసుకుని ఏడాదిలోని గడువులన్నీ రాయి: బోధనాభ్యాసం ఏ వారంలో మొదలై ఏ వారంలో ముగుస్తుంది, ప్రాజెక్టు ఎప్పుడు ఇవ్వాలి, వైవా (మౌఖిక పరీక్ష), రాత పరీక్షలు ఎప్పుడు. చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. బోధనాభ్యాసం నడిచే వారాల్లో ప్రాజెక్టుకు ఒక్క పేజీ కూడా రాయలేవని ముందే ఒప్పుకుని, ఆ వారాలను లెక్కలోంచి తీసేయి. అప్పుడు మిగిలే రోజులు చూసి గుండె జారుతుంది. ఇప్పుడు జారితేనే మంచిది, సర్దుకోవడానికి సమయం ఉంటుంది.

తరువాత, నువ్వు చెప్పబోయే తరగతుల పాఠ్యపుస్తకాలు సంపాదించు. డిగ్రీలో చేరినప్పటి నుంచి మనోవిజ్ఞానం, తత్త్వం, పద్ధతులు చదివి చదివి, అసలు పాఠంలోని విషయాన్ని మళ్లీ తెరవని వాళ్లను చాలామందిని చూశాను. ఒక్కో అధ్యాయానికి ఒక్కో పేజీ కేటాయించు. ఎడమ వైపు ఆ అధ్యాయంలోని ముఖ్య విషయం, కుడి వైపు పిల్లలు అక్కడ పడే పొరపాటు, ఆ పొరపాటు వెనుక వాళ్ల ఆలోచన. 1986లో లీ షుల్మన్ అనే విద్యావేత్త ఇలాంటి జ్ఞానానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. విషయం తెలియడం ఒక ఎత్తు, బోధించడం తెలియడం ఒక ఎత్తు, ఈ విషయాన్ని ఈ పిల్లలకు ఎలా అందించాలో తెలియడం మరో ఎత్తు అన్నాడు. ఉపాధ్యాయుడి సొంత విద్య ఆ మూడోదే. కుడి వైపు ఖాళీగా ఉంటే దిగులుపడకు, బడికి వెళ్లాక పిల్లలే నింపుతారు.

ఇంకొకటి కూడా సెలవుల్లోనే చేయి. నీకు చదువు చెప్పిన ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులను గుర్తు చేసుకుని, వాళ్ల అలవాట్లు కాగితం మీద పెట్టు. 1975లో డాన్ లోర్టీ అనే సమాజ శాస్త్రవేత్త ఒక మాట గమనించాడు: ఉపాధ్యాయులు కాబోయేవాళ్లు చిన్నప్పటి నుంచి వేల గంటలు బల్లల మీద కూర్చుని ఉపాధ్యాయులను చూస్తూనే పెరుగుతారు. కానీ వాళ్లకు కనిపించేది నల్లబల్ల ముందు జరిగే భాగమే. ఆ పాఠం వెనుక ఉన్న ఆలోచన, దిద్దుబాటు, సందేహం కనిపించవు. తరగతి గోలగా మారిన క్షణంలో మనకు తెలియకుండానే మన పాత ఉపాధ్యాయుల గొంతు మన నోట్లోంచి వస్తుంది. ఆ గొంతు ఎవరిదో ముందే తెలిసి ఉంటే, దాన్ని ఉంచుకోవాలో వదులుకోవాలో నువ్వే నిర్ణయించుకోగలవు.

ఇక బోధనాభ్యాసం. మొదటి రోజుల్లో నిన్ను తరగతిలో ఊరికే కూర్చోబెడితే విసుక్కోకు, అవి చాలా విలువైన రోజులు. తరగతి మొత్తాన్ని చూడాలనుకుంటే ఏమీ కనిపించదు. ముగ్గురు పిల్లలను ఎంచుకో: త్వరగా జవాబు చెప్పే ఒకరు, ఎప్పుడూ మాట్లాడని ఒకరు, అల్లరి చేసే ఒకరు. ఉపాధ్యాయులు ప్రశ్న వేసినప్పుడు ఆ ముగ్గురూ ఏం చేస్తున్నారో రాసుకో. అందరి పేర్లూ రెండు రోజుల్లో నేర్చుకో. పేరు పెట్టి పిలిచిన పిల్లవాడు వినే తీరే వేరు.

పాఠం చెప్పడం మొదలుపెట్టాక ఒక్క అలవాటు మీదే శ్రద్ధ పెట్టే ఓపిక ఉంటే, ప్రశ్న వేశాక ఆగడం నేర్చుకో. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో రికార్డు చేసిన మాటలను విని, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించింది. దాన్ని మూడు సెకన్లకో అంతకు మించో పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలియదనడం తగ్గింది, ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు వినడానికి చిన్నవిగా ఉంటాయి. నలభై జతల కళ్ల ముందు నిలబడితే తెలుస్తుంది, అవి ఎంత దీర్ఘమో. మనసులో నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టుకో. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా వెంటనే "మంచిది" అనకుండా అంతే సేపు ఆగు. తను చెప్పినదాన్ని తనే సరిదిద్దుకుంటాడు చాలాసార్లు.

క్రమశిక్షణ గురించి నువ్వు చాలా భయపడుతున్నావని తెలుసు. జేకబ్ కూనిన్ అనే పరిశోధకుడు ఎన్నో తరగతులను వీడియో తీసి చూసి 1970లో తన పరిశీలనలు ప్రచురించాడు. ప్రశాంతంగా నడిచే తరగతికీ గందరగోళంగా ఉండే తరగతికీ తేడా, అల్లరి జరిగాక ఉపాధ్యాయుడు ఎలా మందలించాడన్న దాంట్లో కనిపించలేదు. గది నలుమూలలా ఏం జరుగుతోందో తనకు తెలుసని పిల్లలకు తెలిసేలా ఉండడం, ఒక పని నుంచి మరో పనికి తెంపు లేకుండా తీసుకెళ్లడం, ఇవే తేడా చూపాయి. కాబట్టి అట్టలు, కాగితాలు ఎవరు పంచాలి, ముందు పూర్తి చేసినవాళ్లు ఏం చేయాలి అన్నది పాఠ్యపథకంలోనే రాసుకో. నేను చూసిన తరగతుల్లో అల్లరి చాలావరకు అలాంటి ఖాళీ నిమిషాల్లోనే పుట్టింది.

ప్రతి పాఠం తరువాత అయిదు నోటు పుస్తకాలు చూడు, ప్రతిసారీ వేరే అయిదుగురివి. చూసింది ఆ రోజే నాలుగు వాక్యాల్లో రాయి. "పాఠం బాగా జరిగింది" అని మాత్రం రాయకు, దాని వల్ల రేపు ఏమీ మారదు. "భిన్నాలు కూడేటప్పుడు అయిదుగురిలో ముగ్గురు పై అంకెను పై అంకెతోనూ కింది అంకెను కింది అంకెతోనూ కూడారు" అని రాస్తే రేపటి పాఠం దానంతట అదే తయారవుతుంది. దిద్దేటప్పుడు మార్కులకు తొందరపడకు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా అందుకున్న పిల్లల్లో ఆ మేలు కనిపించలేదు. నాకూ ఇదే అనుభవం. మార్కు కనబడితే పిల్లలు మొదట అదే చూస్తారు, తరువాత పక్కవాడిది చూస్తారు, పుస్తకం మూసేస్తారు.

ప్రాజెక్టు విషయంలో నీ ఉత్తరంలోని అంశం చూసి నాకు కొంచెం ఆందోళన కలిగింది. "విద్యార్థుల సాధనపై సాంకేతికత ప్రభావం" అన్నావు. అది ఒక జీవితకాలానికి సరిపోయే విషయం తల్లీ, ఒక ఏడాదిలో ఇమడదు. చర్యాత్మక పరిశోధన, అంటే మన పనిని మనమే పరిశీలించి మెరుగుపరచుకునే పరిశోధన, అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో చెప్పిన క్రమం సులువైనది: ప్రణాళిక వేయి, చేయి, ఏం జరిగిందో నిజాలు సేకరించు, వాటిని బట్టి మళ్లీ ప్రణాళిక వేయి. ఆ చక్రం రెండుసార్లు తిరగగలిగేంత చిన్న ప్రశ్న ఎంచుకో. "నా ఆరో తరగతి పిల్లలు దశాంశాలను పోల్చేటప్పుడు చేసే పొరపాట్లు గడుల చదరాలతో తగ్గుతాయా?" ఇలాంటిది. నోటు పుస్తకాల నుంచి నువ్వు రోజూ రాసుకునే నాలుగు వాక్యాలే అప్పుడు నీ ఆధారాలవుతాయి, విడిగా సేకరించాల్సిన పని చాలా తగ్గుతుంది.

బడి నుంచి, తల్లిదండ్రుల నుంచి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకో. పిల్లల అసలు పేర్లు ఎక్కడా రాయకు. ఏ పుస్తకం నుంచి ఏ మాట తీసుకున్నావో చదివిన రోజే పేజీ సంఖ్యతో సహా రాసిపెట్టు. గడువుకు ముందు రాత్రి ఆ పేజీ కోసం వెతుక్కుంటూ ఏడ్చిన పిల్లలను ఓదార్చాను నేను. గైడు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకు, సగం పేజీ అయినా రాసి తీసుకెళ్లు. రాసింది ముందుంటే వాళ్లు దాన్ని దిద్దగలరు. నువ్వు అనుకున్న పద్ధతి ఫలితం ఇవ్వకపోతే అదే రాయి. పొరపాట్లు తగ్గలేదని, ఎందుకు తగ్గలేదనుకుంటున్నావో నిజాయితీగా రాసిన ప్రాజెక్టులు నాకు బాగా గుర్తున్నాయి. అంకెలు సవరించి నిగనిగలాడించినవి ఒక్కటీ గుర్తు లేవు.

పరీక్షల గురించి ఎక్కువ రాయను. చదివిందే మళ్లీ మళ్లీ చదవకు. పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాసి, తరువాత తెరిచి సరిచూసుకో. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తరువాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తరువాత చూస్తే తమను తాము పరీక్షించుకున్నవాళ్లు ముందున్నారు. మళ్లీ చదివినప్పుడు వచ్చిందనిపించే ధైర్యం అయిదు నిమిషాల ధైర్యమే. ప్రతి సిద్ధాంతం పక్కనా నీ తరగతిలోని ఒక పిల్లవాణ్ని రాసుకో. మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం, అంటే పిల్లలు ఒంటరిగా చేయలేక, సాయం అందితే చేయగలిగే పనుల మేర, గడుల చదరం ముందు కూర్చున్న ఆ అబ్బాయిని చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. జవాబులోనూ అలాంటిదే రాయి.

ఉద్యోగానికి సిఫారసు లేఖ కావలసి వస్తే గడువుకు కనీసం మూడు వారాల ముందు అడుగు. నీ పాఠ్యపథకాల్లో మూడింటిని, వాటిని తరువాత ఎలా మార్చావో ఆ రాతలతో సహా ఒక ఫైలులో పెట్టుకో. గొంతు కాపాడుకో. అరవకుండా, గది మధ్యలోకి నడిచి మాట్లాడు. ఒక్క పాఠమైనా పూర్తిగా చెడిపోయే రోజు వస్తుంది, ఎవరికైనా వస్తుంది. ఆ రోజు రాత్రి నాకు ఫోను చేయి, ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. ఏం జరిగిందో వరుసగా చెప్పు. ఎక్కడ దారి తప్పిందో ఇద్దరం కలిసి చూద్దాం.

గడువుల కాగితం రాయగానే ఒక నకలు నాకు పంపు. బోధనాభ్యాసం మొదటి వారం అయ్యాక, నువ్వు చూసిన పుస్తకాల్లో నిన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఒక పొరపాటు ఉన్నది ఉన్నట్టుగా రాసి పంపు. ఆ పిల్లవాడు ఏమనుకుని అలా రాశాడో నీ ఊహ కూడా రాయి. నేను ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ