నిశ్చితార్థమయ్యాక సికిల్ సెల్ ట్రెయిట్ అని తెలిసింది.. పెళ్లి చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నా వయసు 25. మా వీధిలోని అబ్బాయి, నేను ఒకే బడిలో చదువుకున్నాం. ఆ స్నేహమే ప్రేమయింది. పెద్దలు ఒప్పుకుని నిశ్చితార్థం చేశారు. ఈమధ్య రక్త పరీక్షల క్యాంపులో నాకు సికిల్ సెల్ ట్రెయిట్ ఉందన్నారు. పెళ్లయ్యేదాకా అబ్బాయికి చెప్పొద్దని, మేనరికం కాదు కాబట్టి పిల్లలకు భయం లేదని అమ్మ అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

సలహా: మీకున్నది జబ్బు కాదమ్మా. హిమోగ్లోబిన్ తయారీకి అమ్మ నుంచి ఒక జన్యువు, నాన్న నుంచి ఒకటి వస్తాయి. మీకు వాటిలో ఒకటే మారింది. రెండూ మారితేనే సికిల్ సెల్ వ్యాధి. ట్రెయిట్ ఎప్పటికీ వ్యాధిగా మారదు. మందులు అక్కర్లేదు. ఎండలో బాగా కష్టపడే పని చేసేటప్పుడు నీళ్లు ఎక్కువగా తాగండి, చాలు.

మేనరికం కాదు కదా అన్న ధీమా మాత్రం వద్దు. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు కూడా ఈ జన్యువు ఉన్నవాళ్లు చాలామంది. ఏ చుట్టరికమూ లేని ఇద్దరిలోనూ అది ఉండొచ్చు. అందుకే మీ ప్రశ్నకు జవాబు మీ రిపోర్టులో లేదు, ఆ అబ్బాయి రక్తంలో ఉంది.

అతనికి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో అది విడదీసి చూపిస్తుంది. క్యాంపుల్లో ముందుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కటే సరిపోదు. అది బీటా థలసీమియా (హిమోగ్లోబిన్ తయారీని తగ్గించే మరో జన్యులోపం) ట్రెయిట్‌ను పట్టుకోలేదు. అతనికి అదున్నా, మీ సికిల్ జన్యువుతో కలిస్తే బిడ్డకు జబ్బు రావచ్చు. మీకూ హెచ్‌పీఎల్‌సీతో నిర్ధారించారో లేదో చూసుకోండి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది, ముందే చెప్పాలి. జిల్లా ఆసుపత్రిలో అడగండి. అక్కడ కుదరకపోతే బరంపురం, విశాఖల్లోని పెద్దాసుపత్రులకు వెళ్లొచ్చు.

అతనికి ఏమీ లేదని తేలితే పిల్లలకు సికిల్ సెల్ వ్యాధి రాదు. మీలాగే ట్రెయిట్ వచ్చే అవకాశం మాత్రం సగానికి సగం. అతనికీ ట్రెయిట్ ఉంటే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, ట్రెయిట్ 50 శాతం, ఏదీ లేకపోవడం 25 శాతం. మొదటి బిడ్డకు రాలేదని రెండో కాన్పులో ధీమా పడకూడదు, ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలే.

అలా తేలినా పెళ్లి ఆపేయాలని నేను అనను. గర్భం 10-12 వారాలప్పుడు మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి తెలుసుకోవచ్చు. అయితే ఫలితం ఎలా వస్తే ఏం చేయాలన్నది మీరిద్దరూ పెళ్లికి ముందే మాట్లాడుకోవాలి. ఆ జబ్బున్న పిల్లలు ఎముకలు పిండేసే నొప్పులతో, రక్తహీనతతో పదే పదే ఆసుపత్రి పాలవుతారు. హైడ్రాక్సీయూరియా లాంటి మందులతో ఇప్పుడు చాలావరకు అదుపులో ఉంచుతున్నా, భారం చిన్నది కాదు.

కాబట్టి దాచడానికి నేను ఒప్పుకోను. చిన్నప్పటి నుంచి మిమ్మల్ని ఎరిగిన మనిషి అతను. ఈ వారమే చెప్పండి, రిపోర్టు చూపించండి, కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అమ్మ మీద కోపం పెట్టుకోకండి, ఆవిడ భయం సంబంధం చెడుతుందనే. కానీ ఈ జన్యువు అమ్మానాన్నల్లో ఎవరో ఒకరి నుంచే మీకు వచ్చింది. మీ తోబుట్టువులకూ ఉండొచ్చు. వాళ్లకు సంబంధాలు చూడకముందే పరీక్ష చేయించమని అమ్మతో చెప్పండి.